తాళంచెవి అడిగే నాటకం

మా పిన్ని బట్టల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా చొక్కాలకి కాజాలు కుడుతోంది. రోజుకి ఎన్ని అని అడిగితే, "నీ పుస్తకాల్లో అక్షరాలు నువ్వు లెక్కపెట్టావా?" అంటుంది. ఆమెకి ఇంకో విద్య కూడా ఉంది. ఎవరినైనా ఒకసారి చూస్తే చాలు, అచ్చు దింపేస్తుంది. సూపర్‌వైజర్‌లా చొక్కా జేబు తడుముకుంటూ, గొంతు ముక్కులోకి తెచ్చి, "మళ్లీనా? పొద్దున్నేగా వెళ్లావు!" అంటే తింటున్నవాళ్లకి పొలమారేది.

ఆ జేబులో ఉండేది ఆడవాళ్ల బాత్రూం తాళంచెవి. కావాలంటే అందరి ముందూ అతన్ని అడగాలి. ఆ సిగ్గుకే పిన్ని మధ్యాహ్నందాకా మంచినీళ్లు ముట్టుకోదు. డాక్టరమ్మ రెండుసార్లు చీవాట్లు పెట్టింది కూడా.

ఆదివారాలు ఒక నాటకబృందం మా కాలనీకి రావడం మొదలుపెట్టింది. వాళ్ల పద్ధతి వేరు. మొదటిసారి కథ ఉన్నదున్నట్టు ఆడతారు. రెండోసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని లేచి, బాధపడే పాత్రలోకి వచ్చి కథని మార్చొచ్చు. బాధపెట్టే పాత్ర వేసినవాళ్లు మాత్రం ఆపకూడదు. ఎవరో ఒకరు లేచేదాకా నడిపిస్తూనే ఉండాలి.

పిన్ని తాళంచెవి కథ చెప్పింది. సూపర్‌వైజర్ వేషమూ తనకే పడింది.

"నన్నాపేది నువ్వే వదినా," అంది పక్క మిషను ఆవిడతో. చుట్టరికం ఏమీ లేదు, పక్కపక్కన కూర్చుని కలుపుకున్న వరస. ఆ వదిన మా వంటగదిలో నిలబడి వారంపాటు తన మాట సాధన చేసింది. "తాళంచెవి గోడకి తగిలించండి సార్. మేం అడుక్కోం."

"గట్టిగా! నీకే వినపడట్లేదు."

"నీ మొహం చూస్తే నవ్వొస్తోంది వదినా, ఏం చెయ్యను!"

ప్రదర్శన ఫ్యాక్టరీ భోజనాల హాల్లో. చూస్తేనే కదా మారతారని, బృందం వాళ్లే మేనేజరునీ సూపర్‌వైజర్‌నీ పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. మొదటి ఆటలో పిన్ని జేబు తడుముకుంటే మేనేజరు కూడా నవ్వాడు. సూపర్‌వైజర్ నవ్వలేదు.

రెండోసారి బృందంలోని అమ్మాయి తాళంచెవి కోసం చెయ్యి చాపింది. పిన్ని విసుక్కుని వదిన వైపు చూసింది. వదిన కదల్లేదు. ఎవరూ ఆపలేదు కాబట్టి పిన్ని ఇంకా తిట్టాలి. తిట్టింది. అనుకున్న తిట్లు అయిపోయాక, తను ఇన్నేళ్లూ పడ్డ తిట్లు బయటికొచ్చాయి. హాలంతా తలలు వంచుకుంది. చివరి వరుసలో, చూడ్డానికొచ్చిన ఇళ్లవాళ్లతో, నేనూ ఉన్నాను. ఎవరైనా ఆపొచ్చని నాకూ తెలుసు. నేనూ తల వంచుకున్నాను.

అప్పుడు వదిన లేచింది. "ఆపండి."

పిన్ని మొహం వెలిగింది.

వదిన వేదిక ఎక్కి, పిన్ని వైపు కాక ముందు వరుస వైపు తిరిగింది. "మా సార్ ఇలాంటివారు కాదండీ. అడిగిన వెంటనే ఇస్తారు. కొందరికే పనెగ్గొట్టి తిరగడం అలవాటు."

చప్పట్లు ముందు వరుసలో మొదలయ్యాయి. కథని ఎవరైనా మార్చొచ్చన్నది బృందం పెట్టిన నియమమే కదా, వాళ్లూ ఏమీ అనలేకపోయారు. పిన్ని ఆ వేషంలోనే, చప్పట్లన్నీ తనకే అన్నట్టు, నిలబడిపోయింది.

తర్వాతి సోమవారం వదినని లైన్ లీడర్‌ని చేశారు. తాళంచెవి ఆమె చేతికొచ్చింది. లీడర్‌ని చేస్తామన్న మాట ఆమెకి ప్రదర్శనకి నాలుగు రోజుల ముందే ఇచ్చారట. అంటే, ఆ తర్వాత కూడా మా వంటగదికొచ్చి సాధన చేసింది.

పిన్ని ఆమె ముందుకెళ్లి నిలబడింది.

"నా మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా వదినా, ఇంక మిషను తొక్కలేను," అంది వదిన మెల్లగా, తాళంచెవి అందిస్తూ. "నువ్వు అడగక్కర్లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకో."

పిన్ని చెయ్యి చాపలేదు. "తాళంచెవి గోడకి తగిలించండి మేడమ్. మేం అడుక్కోం," అంది, హాలంతా వినపడేలా.

మిషన్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి.

తాళంచెవి ఇంకా గోడకెక్కలేదు. పిన్ని ఇప్పటికీ మధ్యాహ్నందాకా నీళ్లు ముట్టుకోదు. సూపర్‌వైజర్‌ని ఒకసారి దింపమని ఎవరైనా అడిగితే, "నాకు రాదు," అంటుంది.