బతికున్నట్టు రుజువు

మియావ్ యూచిన్‌కి అరవై ఆరేళ్ళు. థర్మాస్ ఫ్లాస్కుల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు గాజు సీసాలు పరీక్షించి రిటైరైంది. సీసా చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, ఎక్కడో వెంట్రుకంత పగులున్నా పట్టేసేది. అలాంటి మనిషిని ఎవరైనా బోల్తా కొట్టించగలరంటే ఆ వీధిలో ఒక్కరూ నమ్మరు.

ఆ నెల ఆమెకు పెన్షన్ పడలేదు. మంగళవారం పొద్దున్నే గొడుగు, గుర్తింపు కార్డు, ఫోను సంచిలో వేసుకుని పెన్షన్ ఆఫీసు తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడింది.

కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "పెద్దమ్మా, మీరు బతికున్నట్టు ఈ ఏడాది రుజువు అందలేదు. అందుకే ఆపేశారు" అంది.

"ఏంటీ! మరి నీ ముందు నిలబడి అరుస్తున్నదెవరు, మా పక్కింటావిడా?"

వెనక లైనులో నవ్వులు. యూచిన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇదివరకు ఆ రోజు పేపరు చేత్తో పట్టుకుని ఒక ఫోటో దిగి పంపితే ఏడాదంతా నిశ్చింత. ఇప్పుడు ఫోనుకి మొహం చూపించాలట. కళ్ళు ఆర్పమంటుంది, నోరు తెరవమంటుంది, తల తిప్పమంటుంది. ఆ చిన్న అక్షరాలు ఆమెకు ఆనవు. అందుకే కూతురి కూతురు, పన్నెండేళ్ళ షియావ్‌మాన్, బడి నుంచి రాగానే ఫోను పట్టుకొచ్చి, "అమ్మమ్మా, పెన్షన్ వాళ్ళు మళ్ళీ అడుగుతున్నారు" అని మొహం ముందు పెడుతుంది.

"వారానికి నాలుగుసార్లు చూపిస్తున్నాను కదమ్మా! ముల్లంగి తరుగుతూ చూపించాను. తలంటుకుని జుట్టు తుడుచుకుంటూ చూపించాను. పన్ను నొప్పితో బుగ్గ బూరెలా వాచినప్పుడు కూడా నోరు తెరిచాను! ఇంకెన్నిసార్లు బతకమంటారు నన్ను?"

"నాలుగుసార్లా? ఏడాదికి ఒక్కసారే కదా." అమ్మాయికి అనుమానం వచ్చింది. "ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా పెద్దమ్మా?"

"మనవరాలుంది. బంగారం. ఇవన్నీ చేసిపెట్టేది అదే."

వెనకాయన ముందుగా ఫక్కుమన్నాడు. కౌంటర్ అమ్మాయి యూచిన్ ఫోను తీసుకుని రెండుచోట్ల నొక్కి, తెర ఇటు తిప్పింది. ఏదో ఫోను ఆట. కత్తి పట్టుకుని ఎర్ర గుర్రం మీద ఒక యోధురాలు. కింద నమోదైన పేరు మియావ్ యూచిన్, వయసు అరవై ఆరు.

"నిన్న సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మీరు ఆడారు."

"నిన్న ఆ టైములో నేను నూడుల్స్‌కి పిండి కలుపుతున్నాను!"

"పద్దెనిమిది నిండనివాళ్ళు ఇలాంటి ఆటలు ఆడాలంటే రూలు ప్రకారం శుక్ర, శని, ఆదివారాలూ పండగలూ, అంతే పెద్దమ్మా. అదీ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా. పెద్దవాళ్ళకైతే లెక్కలేదు. పిల్లలు పెద్దవాళ్ళ పేరుతో ఆడేస్తారని ఆట మధ్యమధ్యలో ఆ పెద్దవాళ్ళ మొహం చూపించమంటుంది."

"మీరు నయమండీ, మా మనవడు బ్యాంకు పని అని చెప్పి నా మొహం వాడుకుంటున్నాడు" అన్నాడు వెనకాయన.

యూచిన్‌కి ఎవరిని తిట్టాలో తెలియలేదు. పిల్లలు ఆడకూడదని రాసిపారేసి ప్రభుత్వం చేతులు దులుపుకుంది. కాపలాకి మాత్రం తన ముసలి మొహమే దొరికింది! కౌంటర్ మీది కెమెరా ముందు నిలబెడితే, అది అడగకముందే కళ్ళు ఆర్పి, నోరు తెరిచి, తల తిప్పేసింది. ఇంత వేగంగా చేసినవాళ్ళని ఇప్పటిదాకా చూడలేదని కౌంటర్ అమ్మాయి మెచ్చుకుంది. ఆ మెప్పుతో ఆమెకు ఇంకా మండింది.

సాయంత్రం షియావ్‌మాన్ బ్యాగు దించకముందే యూచిన్ అడిగింది. "ఎర్ర గుర్రం ఎలా ఉందే?"

పిల్ల మొహం మాడిపోయింది. "మా క్లాసులో అందరూ అంతే అమ్మమ్మా. కొందరు వాళ్ళ తాతలతో, కొందరు నానమ్మలతో..."

"అందరి సంగతీ నాకెందుకే! అసలు పెన్షన్ వాళ్ళు ఎప్పుడైనా అడిగారా, లేదా?"

షియావ్‌మాన్ చొక్కా అంచు నలిపింది. "ఒకసారి అడిగారు. అప్పుడు ఆట మధ్యలో ఉన్నాను. అయ్యాక చేద్దామనుకున్నాను. మర్చిపోయాను."

దానికోసం నాలుక చివర దాచుకున్న తిట్లన్నీ యూచిన్ మింగేసింది. పీట మీద కూలబడింది.

"ఆడావు, సరే. అబద్ధం చెప్పావు, అదీ సరే. నేను బతికున్నానని ఒక్క ముక్క చెప్పడానికి నీకు నిమిషం దొరకలేదా తల్లీ?"

పిల్ల ఏడ్చింది. ఆ తర్వాత నిజంగానే మానేసింది కూడా. శుక్రవారాలు ఎనిమిదింటికి తన పేరుతోనే గంటసేపు ఆడుకుని ఫోను తిరిగి ఇచ్చేసేది. ఆ అబద్ధాల సంగతి బస్సు నడిపే వాళ్ళమ్మ దాకా వెళ్ళలేదు. యూచిన్ చెప్పలేదు.

ఏడాది తిరిగింది. ఒకరోజు షియావ్‌మాన్ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. "అమ్మమ్మా, ఈసారి నిజంగా పెన్షనే. ఒట్టు. కావాలంటే చదివి వినిపిస్తాను."

యూచిన్ చేతులకి పిండి ఉంది. అలవాటు కొద్దీ కళ్ళు ఆర్పబోయి, ఆపుకుంది. పిల్ల మొహంలోకి చూసింది. అబద్ధం కనిపించలేదు. కిందటేడూ కనిపించలేదు. చేతులు కడుక్కుని సంచి భుజాన వేసుకుని, పిల్ల చేతిలోంచి ఫోను తీసుకుని అందులో పడేసింది.

"ఎక్కడికి అమ్మమ్మా?"

"ఆఫీసుకి. మొహం చూపించి వస్తాను."

షియావ్‌మాన్ గొడుగు తీసుకుని వెంట పరిగెత్తింది. ఆఫీసు మూడు స్టాపుల దూరం. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దిగేదాకా యూచిన్ ఆ సంచిని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకునే ఉంది.