చివరల్లో నల్ల చుక్కలు

వేలికంటిన అయొడిన్ మరక సబ్బుకు పోవడం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే అదే ఘాటు వాసన. పొద్దుటి నుంచి మైక్రోస్కోపు మీద వంగి వంగి మెడ పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. ఒళ్లు ఇలా హూనమైన సాయంత్రాల్లో, ఈ వాసన వెంటే సుగుణమ్మగారు గుర్తొస్తారు.

రాయపూర్‌లో ఆసుపత్రి ల్యాబులో నాకు పని నేర్పింది ఆవిడే. నరసాపురం వైపు క్రైస్తవ కుటుంబం. పెళ్లి చేసుకోలేదు, సెలవు పెట్టి ఎరగరు. నేనేమో రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఫిట్టరు కూతుర్ని. గొంతువాపు డిఫ్తీరియా అవునో కాదో తేల్చాలంటే ఆ సూక్ష్మజీవిని గొర్రె రక్తపు సీరం మీద పెంచాలి. గొట్టాల్లో సీరాన్ని గట్టిపరిచే యంత్రం మా దగ్గర లేదు. ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీ పాత్రలో పెట్టి, సన్నని సెగ మీద, నీళ్లు మరగనివ్వకుండా కాపలా కాసేవారు. "మరి ఇంట్లో ఇడ్లీలు ఎందులో వేస్తారు మేడమ్?" అని ఏడిపిస్తే, "ఇంట్లో తినేదెవరే? నాకు రెండు బ్రెడ్డు ముక్కలు చాలు" అనేవారు.

ఆ జీవిని మొదటిసారి ఆవిడే చూపించారు. అయొడిన్ వేసిన స్లైడు మీద ఆకుపచ్చ పుల్లలు, చివరల్లో నల్లటి చుక్కలు. "అదంతా అటక మీద సరుకే అమ్మాయ్. కొన్ని జీవులు పిండి దాచుకుంటాయి, కొన్ని కొవ్వు. ఇది ఫాస్ఫేటు దాచుకుంటుంది. దొరికినప్పుడు మూటగట్టి, దొరకనప్పుడు కరిగించుకుంటుంది. మనకన్నా నయం." ఆ చుక్కల్ని బట్టే మేము దాన్ని గుర్తుపట్టేవాళ్లం.

నేను చేరిన రెండో ఏడు, మా క్వార్టర్ల లైనులోనే ఉండే అయిదేళ్ల లక్ష్మిని గొంతులో తెల్లటి పొరతో తీసుకొచ్చారు. ఆ ఒక్క రోజే సుగుణమ్మగారు జ్వరంతో ఇంట్లో ఉండిపోయారు. పొద్దున్న నేనే దూదిపుల్లతో గొంతులోంచి నమూనా తీసి సీరం గొట్టంలో వేశాను. వాళ్లమ్మ గుమ్మం వదలలేదు. "అక్కా, కుఛ్ పతా చలా? ఏమైనా తెలిసిందా? మంచి మాట చెప్పక్కా" అని ఒకటే అడగడం. రాత్రంతా ఆగాల్సిన గొట్టాన్ని సాయంత్రమే తెరిచాను. ఆకుపచ్చ పుల్లలు ఉన్నాయి, చుక్కలు లేవు. ఆ తల్లికి ఊరట చెప్పాలన్న తొందరలో "డిఫ్తీరియా లేదు" అని రాసి వార్డుకు పంపేశాను. ఆసుపత్రిలో డిఫ్తీరియా విరుగుడు మందు ఒక్కరికి సరిపడేంతే ఉంది. కాగితం చూసి డాక్టరు దాన్ని ఆపేశారు.

సంగతి తెలిసి ఆవిడ శాలువా కప్పుకుని రిక్షాలో వచ్చారు. స్లైడు చూసి, గడియారం చూశారు.

"దానికి కడుపునిండా తిననిచ్చావా? తినకుండా ఏం దాచుకుంటుందే?"

ఆవిడ గోడ పట్టుకుంటూ వార్డుకు నడిచారు, వెనకాల నేను. "డాక్టర్ సాబ్, గలతీ మేరీ హై. కాగజ్ మత్ దేఖియే, బచ్చీ కా గలా దేఖియే." తప్పు తనదే అన్నారు, కాగితం కాదు, పిల్ల గొంతు చూడమన్నారు. డాక్టరు పిల్ల నోరు తెరిపించి మళ్లీ చూసి, మందు తెమ్మన్నారు. మర్నాడు పొద్దున్న అదే గొట్టంలో ప్రతి పుల్లకీ నల్ల చుక్కలు. నేను బల్ల మీద తలవాల్చి ఏడ్చాను. లక్ష్మి బతికింది. నా తప్పు ఆవిడ పేరు మీదే ఉండిపోయింది.

రిటైరైన రోజు ఆవిడ చేతులు స్లైడు కూడా పట్టలేనంతగా వణుకుతున్నాయి. ఇడ్లీ పాత్ర నా బల్ల మీద పెట్టి, "మొత్తం వాడేశానే, నాకంటూ ఏమీ మిగల్చుకోలేదు. నువ్వైనా కాస్త దాచుకో" అన్నారు. ఆ మరుసటి ఏడే పోయారు.

తెల్లారకుండా "లేదు" అని ఇప్పటిదాకా మళ్లీ రాయలేదు. ఆ పాఠం ఒంటబట్టింది. కాస్త దాచుకోమన్న రెండోది పట్టలేదు. ఒంట్లో వెచ్చగా ఉంది, రేపు ఆదివారం. కానీ ఎవరి పిల్ల గొంతులోంచి తీసిందో, ఒక గొట్టంలో పెరుగుతోంది. పొద్దున్నే రావాలి.