నా భయానికి బోరు పాయింట్

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. ఒక వేరుశనగ సీజను మొత్తం. మా కదిరి బస్టాండులో కదిలే బస్సులోంచి దూకినప్పుడు ఎడమకాలి చెప్పు. వ్యాపారుల దగ్గర నాకున్న పరువులో ముప్పాతిక. మస్తాన్ ఆటో వెనక టైరు. ఈ నష్టంలో సగం భయం వల్ల వచ్చింది, సగం నా తెలివి వల్ల. భయాన్ని క్షమించవచ్చు. తెలివి సంగతి చదివి మీరే తేల్చండి.

నా పని అంచనాలు కట్టడం. కోతకు ముందు వ్యాపారులు నన్ను పొలానికి తీసుకుపోతారు. అక్కడో చెట్టు, ఇక్కడో చెట్టు పీకి, మట్టి దులిపి, కాయలు చూసి ఎకరాకు ఎన్ని మూటలో చెబుతాను. ఎవరూ నేర్పలేదు, పీకి పీకి నేర్చుకున్నాను. మూట అటో ఇటో నేను చెప్పినంతే వస్తుంది. అలాంటి నాకు యాభై దగ్గర పడుతుండగా బస్సంటే భయం పట్టుకుంది. ఎక్కి కూర్చుంటే చాలు, గుండె నూర్పిడి మిషను మాదిరి కొట్టుకునేది. ఒళ్లంతా చెమట. ఇక పోయాననిపించేది. బస్సెక్కనివాడు ఉరవకొండ పొలాలు ఎలా చూస్తాడు? వ్యాపారులు కొన్నాళ్లు ఓర్చుకుని, ఇంకొకడిని వెతకడం మొదలుపెట్టారు.

గుండె డాక్టరు పరీక్షలన్నీ చేయించాడు. "గుండె ఎద్దు మాదిరి ఉండాది. నీకు కావల్సింది సీబీటీ. మన ఆలోచనల్ని, అలవాట్లని సరిచేసే వైద్యం. మాటల్తోనే చేస్తారు. అనంతపురంలో వెతుక్కో" అన్నాడు.

మాటలతో రోగం ఎలా కుదురుతుంది? నాకు భయం కన్నా ఆరా ఎక్కువైంది. దారిలో మందుల షాపులో అడిగాను.

"సీబీటీ చేసేటోళ్లు యాడుంటారప్పా?"

"అది మాత్రనా, సూదా?"

"మాటలంట."

"అట్లాంటి సరుకు ఈడ దొరకదన్నా."

చివరికి మా పక్కింటి మస్తానే ఫోనులో వెతికి అనంతపురంలో ఇద్దరిని పట్టాడు. మస్తాన్‌ది ఆటో. అందులో నాకు భయం లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు దూకవచ్చు కదా.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. బోరు వేసేముందు మేం కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగేవాడిని పిలుస్తాం. కాయ నిటారుగా లేచిన చోట నీళ్లున్నట్టు లెక్క. అయితే ఒక్కడినే నమ్మం. ఇద్దరిని వేరువేరుగా పిలుస్తాం. పక్క పొలంలో నీళ్లు పడ్డాయో, దుమ్ము లేచిందో ఇద్దరికీ చెప్పం. ఇద్దరూ ఒకే చోటు చూపిస్తేనే బోరుబండిని రమ్మంటాం. మట్టికే ఇంత జాగ్రత్త పడేవాడిని, మనసుకు పడొద్దా?

"మస్తాన్, ఇద్దరి దగ్గరికీ పోదాం. నా రోగమేందో నేను చెప్పను. వాళ్లే కనుక్కోవల్ల."

"కాలు ఇరిగినోడు యాడ ఇరిగిందో చెప్పకుంటే యట్లన్నా?"

"ఇరిగిన కాలు కనపడతాది. ఇది కనపడేది కాదు. అందుకే పరీక్ష."

మొదటాయన పెద్దమనిషి. "చెప్పండి, ఏం ఇబ్బంది?" అన్నాడు.

"మీరే చెప్పల్ల సార్."

"నిద్ర పడుతోందా?"

ఫ్యాను వైపు చూశాను.

"ఇంట్లో ఏమన్నా గొడవలా?"

కిటికీ వైపు చూశాను. పరీక్ష హాలులో పక్కవాడికి జవాబు చూపించని పిల్లాడిలా పెదవులు బిగించి కూర్చున్నాను. పాపం, ఆయన చాలాసేపు తవ్వాడు. చివరికి "మీరు మాట్లాడితే తప్ప నేనేమీ చేయలేను" అని లేచాడు. తిరుగుదారిలో ఆటో టైరు పేలింది. మస్తాన్ కదిరి దాకా కొత్త టైరు ధర నాకు వినబడేలా లెక్కపెడుతూనే వచ్చాడు.

రెండో ఆమె ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన పిల్ల. నా కూతురి వయసుంటుంది.

"ఏం కష్టం సార్?"

"మీరే కనుక్కోండి మేడమ్."

ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. "పోనీ, ఎందుకు చెప్పకూడదో అదన్నా చెప్పండి" అంది.

ఈ ప్రశ్నకు నేను సిద్ధపడి రాలేదు. కొబ్బరికాయ సంగతి, మొదటాయన సంగతి అంతా కక్కేశాను.

"ఆయనేమన్నారు?"

"నేను మాట్లాడితే తప్ప కుదరదన్నాడు."

"నేనూ అదే అంటాండా సార్. ఇద్దరికీ కాయ ఒకే చోట లేచింది. మీ నోటి మీద. ఇంక బోరు వేద్దామా, వద్దా?"

నోరు తెరిచాను. నీళ్లు పడ్డాయి. కళ్లలోంచి కూడా.

అంతా విని ఆమె అడిగింది. "బస్సెక్కితే చచ్చిపోతారని నూటికి ఎంత నమ్మకం?"

భయాన్ని అంకెల్లో చెప్పవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ప్రాణం లేచి వచ్చింది. "తొంభై" అన్నాను.

"అది మీ అంచనా. ఎక్కి సరిచూడండి."

మొదట ఆగి ఉన్న బస్సులో ఊరికే కూర్చోబెట్టింది. తర్వాత ఒక్క స్టాపు. ఆ తర్వాత కదిరి పక్కనున్న తనకల్లు దాకా. ఆ రోజు మస్తాన్ పక్కనే కూర్చున్నాడు. నేను కళ్లు మూసుకుని చావుకోసం ఎదురుచూస్తున్నాను.

"అన్నా, సచ్చినావా?"

"ఇంకా లేదు."

"అయితే దిగు. తనకల్లు వచ్చిండాది."

తర్వాత మేడమ్ లెక్క అడిగింది. "ఎన్నిసార్లు ఎక్కినారు?"

"పదిసార్లు."

"నూటికి తొంభై అంటే, ఈపాటికి తొమ్మిదిసార్లు పోయుండల్ల కదా సార్?"

"పంట ఇంకా కోతకు రాలేదేమో మేడమ్" అన్నాను. నా అంచనాను నేను వదులుకుంటానా?

"అంచనా తప్పింది అని ఒక్క మాట అనండి."

ఆ మాట ఏ వ్యాపారి ముందూ అనలేదు. ఏ రైతు ముందూ అనలేదు. తనకల్లు దాకా బతికుండటం కన్నా ఆ మాట అనడమే కష్టమైంది. గొంతు సవరించుకుని, గోడవైపు తిరిగి, "తప్పింది" అన్నాను.

మరుసటి వారం ఉరవకొండ బస్సెక్కాను. వ్యాపారి పొలం గట్టుమీద నిలబడి, "బతికొచ్చినావా అప్పా, శెనక్కాయ చూడు" అన్నాడు.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా, మస్తాన్ వేయించిన కొత్త టైరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నన్ను బాగుచేయడానికి కూర్చున్నవారికి ఇకమీదట పరీక్ష పెట్టను. కడుపునొప్పి అయితే ఎడమవైపో కుడివైపో కూడా అడగకముందే చెబుతాను.

భయం పూర్తిగా పోయిందా అంటారా? తొంభై కాస్తా డెబ్బై అయింది, నలభై అయింది, పదిహేను దగ్గర మొండికేసింది. "అది ఉన్నా పర్వాలేదు సార్, మీతోపాటే కూర్చుంటాది, టికెట్టు అడగదు" అంది మేడమ్. మొన్న బస్సెక్కుతూ కూడా చూసుకున్నాను. నూటికి పదిహేను, నేటికీ బాకీ.