పెద్దమ్మ మందుకు పెట్టిన పరీక్ష

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు గేటు దగ్గరికి ఒక వ్యాను వచ్చింది. ఉచితంగా బీపీ, షుగర్ చూస్తామని మైకులో చెబుతున్నారు. కిందికి వెళ్దామా అని పక్క ఫ్లాటావిడ అడిగితే, "ఊరకే ఎందుకు చూస్తారండీ, ఏదో అంటగట్టడానికి వచ్చుంటారు" అనేశాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు, మా పెద్దమ్మది. విరుపు కూడా అచ్చం ఆవిడదే.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. దర్శికి అవతల ఒక పల్లెలో పెదనాన్నతో కలిసి మిరప వేసేది, సొంతం కొంత, కౌలుకు కొంత. నేను పర్చూరు స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో, కళ్లాల్లో కాయ ఆరబోసే కాలానికి సెలవు పెట్టి అక్కడికి పోయేదాన్ని. ఊరు కనిపించకముందే తుమ్ములు మొదలయ్యేవి. కళ్లంలో తాలుకాయ ఏరడంలో, అంటే రంగు వెలిసి తెల్లబడిన కాయను ఎర్రటి రాశిలోంచి పట్టుకోవడంలో, ఆవిడ చూపుకు ఊళ్లో సాటి లేదు. ఆ చూపు వల్లే వాళ్ల సరుకుకు మిర్చి యార్డులో మంచి పేరుండేది. అయితే ఒక ఏడు ఆవిడ ఏరిన కుప్పలో నాకు తాలు కనిపించింది. చూపిస్తే, "ఎండ కళ్లలో పడతందే" అని కసిరింది.

ఎవరినీ నమ్మని గుణం ఆవిడకు ఊరికే రాలేదు. ఒకసారి జీపులో ఎవరో వచ్చి, టోపీలు పంచి, ముడత తెగులుకు కొత్త మందంటూ ఉచితంగా డబ్బాలిచ్చి పోయారు. కొట్టిన వారానికి పూతంతా రాలింది. జీపు మళ్లీ కనిపించలేదు. టోపీని మాత్రం, ఎండకు పనికొస్తుందని పెదనాన్న చిరిగేదాకా పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఏ కొత్త మందైనా గట్టు వార ఒక్క సాలుకే, అంటే ఒక్క వరస మొక్కలకే కొట్టేది పెద్దమ్మ, అదీ ఎదుగూ బొదుగూ లేని సాలు చూసి. పోతే అదే పోతుంది. పంట చేతికొచ్చేదాకా మంచిదనీ అనేది కాదు, చెడ్డదనీ అనేది కాదు. ఊళ్లో వాళ్లు కూడా "మీ సాలు ఎట్టుందక్కా?" అని అడిగి గాని డబ్బా మూత తీసేవాళ్లు కాదు.

కుప్పలో తాలు కనిపించిన ఆ ఏడే గుంటూరు నుంచి ఒక చర్చి వాళ్లు మందులూ డాక్టర్లతో వచ్చారు. ఊరి చివర కాలనీలో, ప్రార్థనలు జరిగే రేకుల షెడ్డులో బల్లలు వేశారు. మతం మార్చడానికని కొందరు, రక్తం తీసి అమ్ముకుంటారని కొందరు, పొలాలు కాజెయ్యడానికి చూసి పోతారని కొందరు అన్నారు. పెద్దమ్మ మూడూ నమ్మింది. నమ్మి, వాళ్లేం చేస్తారో చూసొద్దామని నన్ను వెంటేసుకుని బయల్దేరింది. షెడ్డు ముందు వాళ్లు తెచ్చుకున్న నీళ్ల క్యాన్లు చూడగానే మోచేత్తో నన్ను పొడిచింది. "మన నీళ్లు వాళ్లు తాగరంట. వాళ్ల మందు మాత్రం మనం మింగాలంట!" నిజం చెప్పాలంటే, ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకుంటే ఆవిడ ఒక్కతే తెరుచుకుని కాపలా కాసింది. పేరు అడిగితే చచ్చిపోయిన అత్తగారి పేరు చెప్పింది. వాళ్లేం చేసినా ఆ పోయినావిడకే జరుగుతుందని ధీమా.

కళ్ల డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదస్తురాలు. చాలాసేపు చూసి, రెండు కళ్లలోనూ ఒత్తిడి పెరిగిందని, ఎడమ కన్ను అప్పటికే బాగా దెబ్బతిన్నదని, కుడి కన్ను ఇంకా బాగానే ఉందని చెప్పింది. చుక్కల మందు ఇచ్చి, రోజూ రాత్రి రెండు కళ్లలోనూ వేసుకోమంది.

"ఏసుకుంటే బాగా కనపడుద్దా?" అంది పెద్దమ్మ.

"పోయిన చూపు రాదమ్మా. ఉన్నది పోకుండా ఉంటుంది."

దారంతా పెద్దమ్మ రుసరుసలాడుతూనే ఉంది. "ఉన్నది ఎట్టాగూ ఉందిగా! దానికి మందెందుకే?" అయినా సీసా పారెయ్యలేదు. రోజూ అన్నం తిన్నాక గోడకు ఆనుకుని చుక్క వేసుకునేదట. అయిపోతే పెదనాన్న దర్శి నుంచి కొత్త సీసా తెచ్చేవాడు. ఇంత శ్రద్ధగా వాడుతోందని ఆయన ఫోనులో చెబితే, మొత్తానికి ఒకరినైనా నమ్మిందని నేను సంతోషించాను.

మరుసటి ఏడు అదే కాలానికి వాళ్లు మళ్లీ వచ్చారు. డాక్టరమ్మ పెద్దమ్మ కుడి కన్ను మూసి చూసింది. ఎడమ కన్ను పోయినేడు ఎలా ఉందో అలాగే ఉంది. ఎడమ కన్ను మూసి, వేళ్లు చూపించి ఎన్ని అని అడిగింది. పెద్దమ్మ తల అటూ ఇటూ తిప్పి, వెలుగు వైపు జరిగి, చివరికి "చెయ్యి ఎత్తావా తల్లీ?" అంది. కుడి కన్ను మసకేస్తుంటే ఇన్నాళ్లూ మిరప ఘాటనుకుందట.

"చుక్కలు రెండు కళ్లకీ వేసుకున్నారా అమ్మా?"

"ఒక్కదానికేనమ్మా. పాడు కంటికి. మంచి కంటికి ఏసి అది కాస్తా పోతే? పంట తీసేదాకా చూసి, అప్పుడు రెండోదానికి ఏద్దామని."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. సాలు సంగతి నేను చెప్పబోయి, పెద్దమ్మ వైపు తిరిగాను. పెద్దమ్మ మీద పట్టలేనంత కోపం, జాలి ఒక్కసారే వచ్చాయి. ఆవిడ మాత్రం డాక్టరమ్మ వైపు వంగింది.

"ఎడమదాని చూపు ఇంకేమీ తగ్గలేదంటావా?"

"తగ్గలేదమ్మా."

"అయితే మందు మంచిదే," అని తీర్పు చెప్పింది. "ఈ రాత్రి నుంచి కుడిదానికీ ఏసుకుంటాలే."

డాక్టరమ్మ బల్ల ఇవతలికి వచ్చింది. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. అదెందుకో పెద్దమ్మకు తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. బతుకంతా ఒక పంట పోతే మరో పంట కాలం కోసం ఎదురుచూసిన మనిషికి, తిరిగి రాని కాలం కూడా ఒకటుంటుందని ఆ రేకుల షెడ్డులోనే తెలిసింది.