పద్నాలుగు పాదాల చలిజొరం

ఫిఫ్త్ ఫారం నాకెంత నచ్చిందంటే, దాన్నే రెండేళ్ళు చదివాను. మూడో ఏడు కూడా అక్కడే ఉందును గానీ, మీవాడి కింద బెంచీ అరిగిపోతోందని హెడ్మాస్టరు మా నాన్నకి కబురు పంపాడు. అట్లా చదువు ఆగి, మిరపచేను మొదలైంది. ఆ రెండేళ్ళ చదువులో నాకు ఒంటబట్టింది ఒక్కటే, సానెట్టు అనే ఇంగ్లీషు పద్యం.

మా ఇంగ్లీషు మాస్టారు గుంటూరు నుంచి వచ్చిన క్రైస్తవ పెద్దమనిషి. ఎండాకాలంలోనూ కోటు విప్పేవాడు కాదు. మూడు నాలుగు వందల ఏళ్ళనాటి ప్రేమపద్యాలు, ఒక్కోటి లెక్కగా పద్నాలుగు పాదాలు, కళ్ళు మూసుకుని చదివేవాడు. వాటిలో ప్రియురాలు ఎప్పుడూ కరగదు. ప్రియుడు ఎప్పుడూ నిద్రపోడు. మంచుగడ్డల్లో కాలిపోతాడు, నిప్పుల్లో వణికిపోతాడు. నరసరావుపేట ఎండల్లో కూర్చుని, మంచుగడ్డ మొహం చూడని మేమంతా ఆ వణుకును నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకునేవాళ్ళం.

నా పక్కన కూర్చునేవాడికి మాత్రం ఆ పద్యాలు సూటిగా తగిలాయి. వాడికి అప్పటికే పెళ్ళయింది. అమ్మాయిది దుర్గి దగ్గర పల్లె. పెళ్ళిపీటల మీద పసుపు చేతులు చూశాడేగానీ, మొహం సరిగ్గా చూళ్ళేదు. మాఘంలో కాపురానికి పంపుతానన్న మామ ఇప్పుడు వైశాఖం అంటున్నాడు. మేమిద్దరం పేటలో ఒకే గదిలో వండుకు తినేవాళ్ళం. వాడు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు.

"ఒరేయ్, ఆ అమ్మాయికి చదవటం వచ్చంటరా. నా మనసులో ఉన్నది ఒక్క కార్డు రాసిపెట్టు. నాకు మాటలు రావు" అన్నాడొకరోజు.

యుద్ధం రోజులు, కాగితం కరువు. కార్డు మీదే చీమలబారులా పద్నాలుగు పాదాలు దించాను. పగలు కాలిపోతున్నాను, రాత్రి వణికిపోతున్నాను, అన్నం సయించదు, నీ దయ లేకుంటే ఈ ప్రాణం నిలవదు... వాడు చదువుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నా ప్రతిభకి నేనూ కొంచెం పెట్టుకున్నాను.

ఆ పల్లెలో కార్డంటే ఊరందరిదీ. అమ్మాయి చేతికి చేరకముందే అరుగు మీద కరణం గట్టిగా చదివేశాడట. వారం తిరక్కుండా మామగారు మాచర్ల బండి దిగి మా గదికొచ్చాడు, చేతిలో గుడ్డ కట్టిన చెంబుతో.

"ఏందల్లుడూ! పగలు మంట, రాత్రి వణుకు, అన్నం సయించదు. చలిజొరం గాక ఇంకేంది? ఇదిగో, నేలవేము కషాయం. ఎత్తి తాగు."

అల్లుడు కళ్ళు మూసుకుని తాగాడు. నేను నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాను.

"ఈ పిల్లోడు కూడా వణుకుతున్నాడే! పక్క మంచం గదా, అంటుకునుంటది" అని మిగిలింది నాచేత తాగించాడు. ఆ చేదు మూడు రోజులు నాలుక వదల్లేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "జొరం మనిషి దగ్గరికి పిల్లనెట్టా పంపను? ఒళ్ళు కుదుటపడ్డాక చూద్దాం" అన్నాడు. వైశాఖం కూడా పాయె. వాడి మొహం చూశాక నా నవ్వు ఎటుపోయిందో పోయింది.

మాస్టారికి చెబితే నవ్వలేదు. "ఆ పద్యాల్ని మీ మామంతగా నమ్మినవాణ్ణి నేను చూళ్ళేదురా" అని, వాడి భుజం మీద చెయ్యి వేసి, "నీ మాట నువ్వే రాసుకో నాయనా" అన్నాడు.

నాలుగు రోజులు తన అన్నం తనే వేరుగా వండుకుని, ఐదోనాడు చెయ్యి అడ్డం పెట్టుకుని వాడే కార్డు రాశాడు. ఏం రాశాడో నాకు చూపించలేదు. పోయిందనుకున్న ఆ వైశాఖంలోనే అమ్మాయి కాపురానికొచ్చింది.

మరుసటేడు, నేను బడి వదిలేశాక, వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. గోంగూర వడ్డిస్తుంటే ఊరుకోలేక గొప్పకి పోయాను. "చెల్లెమ్మా, ఆ రోజు నా పద్యమే లేకపోతే నువ్వు ఇంకా పుట్టింట్లోనే ఉండేదానివి."

ఆవిడ గరిటె ఆపి నా వంక చూసింది.

"నీ పద్నాలుగు పాదాలకి మా నాన్న కషాయం మోసుకొచ్చాడన్నయ్యా. 'నాకు జొరం లేదు, నువ్వొస్తే బాగుండు' అని ఈయన ఒక్క ముక్క రాస్తే, నన్ను పంపాడు."