వద్దుగారి చేపల కొట్టు

చచ్చిపోతే పిల్లకి ఏం చెప్పాలి?

ఇంట్లోకి ప్రాణమున్నది ఏది తెద్దామన్నా ముందు నా నోట వచ్చే మాట ఇదే. మా అయిదేళ్ళ చిన్నది పెంచిన నత్త ఒకటి పోయినప్పుడు, వారం రోజులు కంచం ముందు కూర్చుని "అమ్మా, నువ్వెప్పుడు పోతావు?" అని అడిగింది. తెలియదంటే ఒప్పుకోలేదు. తారీఖు కావాలంది.

అలాంటి నన్ను, ఒకటి కాదు, రెండు ప్రాణుల కోసం రెండు నెలలు తన కొట్టు చుట్టూ తిప్పిన మనిషి వద్దుగారు. తల్లిదండ్రులు పెట్టిన పేరేదో ఆయనకూ ఉండే ఉంటుంది, వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఇళ్ళల్లో పెంచుకునే సముద్రపు చేపల కొట్టు పెట్టుకుని, చేప అడిగిన ప్రతివాళ్ళనీ "వద్దు" అని పంపేసే మనిషికి ఇంకో పేరు నిలవదు.

"మా హాల్లో గోడ రంగుకి సరిపోయే చేప కావాలండీ" అన్నాడు ఒకాయన నా ముందే.

"వద్దు. చేపకి సరిపోయే గోడ కట్టుకుని రండి."

పళ్ళ డాక్టరు ఒకాయన వచ్చాడు. బయట కూర్చునే వాళ్ళ భయం పోవడానికి నాలుగు చేపలు కావాలన్నాడు. "లోపలి కేకలు విని చేపలకి పట్టుకునే భయం ఎవరు పోగొడతారు? వద్దు" అన్నారు వద్దుగారు. డాక్టరు వెళ్ళిపోతుంటే వెనకనుంచి పిలిచి పంటినొప్పికి మందు రాయించుకున్నారు.

మరి కొట్టు ఎలా నడుస్తుందంటే ఉప్పు, ఇసుక, గాలి పంపుల మీద. "ఈయన అమ్మిన చేపల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, ఒక చెయ్యి చాలు" అంటుంది వాళ్ళావిడ, వలలు కడుగుతూ.

ఆ కొట్టులో మా చిన్నది ఒక తొట్టి ముందు అతుక్కుపోయింది. అందులో వేలెడంత రొయ్య ఒకటి ఇసుకలో సొరంగం తవ్వుతోంది. ఒక కొండి పెద్దది, దానితో చిటికేస్తే తుపాకీ పేలినట్టు ఉంటుందని పిస్టల్ రొయ్య అంటారు. చప్పుడు ఘనమే కానీ చూపు ఆనదు. అందుకని గోబీ అనే చిన్న చేప గుమ్మంలో కాపలా ఉంటుంది. రొయ్య మట్టి మోసుకుని బయటికి వచ్చినంతసేపూ ఒక మీసం చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. ఏదైనా వస్తోందంటే చేప తోక ఆడిస్తుంది, రెండూ లోపలికి దూరిపోతాయి.

"అమ్మా, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతున్నారు" అంది చిన్నది.

ఆ జంట తనదనీ, అమ్మకానికి కాదనీ చెప్పారు వద్దుగారు. కావాలంటే రొయ్య ఇంకొకటి ఉంది, దానికి సరైన గోబీని వెతకాలి. అన్ని గోబీలూ రొయ్యతో ఉండవు, ఉండే రకాలు కూడా అన్ని రొయ్యలతోనూ ఉండవు. నేను సైన్సు చదువుకున్నదాన్ని. పదకొండు రకాల గోబీలకు పట్టిక వేశాను. పొడవు, ఓర్పు, తిండి, పోట్లాడే గుణం, అన్నింటికీ మార్కులు వేసి తీసుకెళ్ళాను.

"ఈ పసుపు గోబీకి ఎనభై ఏడు వచ్చాయండీ."

"ఎవరేశారు?"

"నేనే."

"రొయ్యనడిగారా?"

"లేదు."

"కలిసి ఉండాల్సింది మీరా, రొయ్యా? వద్దు."

పది రోజులాగి వెళితే, ఇంట్లో సిద్ధం చేసిన తొట్టి నీళ్ళు సీసాలో తెమ్మన్నారు. తెచ్చాను. మూత తీసి వాసన చూసి "నీళ్ళు బాగోలేవమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను పనిచేసేది నీళ్ళు పరీక్షించే ల్యాబులో. ఊరంతా తాగే నీళ్ళకి బాగున్నాయని సంతకం పెట్టేది నేను. పదేళ్ళలో ఆ సంతకాన్ని ఒక్కరు కాదనలేదు. ఈయన ముక్కుతో కొట్టిపారేశాడు.

ఇంటికొచ్చి మావారితో చెప్పుకున్నాను. "ఆయన కాదన్నది సీసానే కదా, నిన్ను కాదుగా" అన్నారాయన పేపరు దించకుండా. ఆ పూట ఆయనతో కూడా మాట్లాడలేదు.

ఆ తరువాత మూత వంతు వచ్చింది. గోబీ ఎగురుతుందట, మూత సందులో చిటికెన వేలు పడుతోందట, వద్దన్నారు. జాలీ మూత చేయించాను. అప్పుడు ఇసుక వంతు.

"మరీ సన్నం. సొరంగం కూలుతుంది. గులకలు కలపాలి. వద్దు."

"ఈ ఇసుక మీరే ఇచ్చారు."

"రొయ్య కోసమని మీరు చెప్పలేదు."

"చెప్పాను."

"గట్టిగా చెప్పలేదు."

ఇక ఆ గడప తొక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చిన్నది మాత్రం రోజూ బడినుంచి రాగానే ఖాళీ తొట్టి ముందు స్టూలు వేసుకుని, రాని వాళ్ళ కోసం కూర్చునేది. చివరికి ఒక ఆదివారం పొద్దున కబురొచ్చింది. వెళితే, రొయ్యనీ పసుపు గోబీనీ డబ్బాలో పెట్టి, కన్నబిడ్డల్ని హాస్టలుకి పంపుతున్న మొహంతో నా చేతికిచ్చారు. అదే పసుపు గోబీ, నా పట్టికలో ఎనభై ఏడు మార్కులది. ఆ మాట నేను అనేలోపే "మీ మార్కుల వల్ల కాదు" అన్నారు.

మూడు వారాలు మా ఇంట్లో పండగే. ఆ తరువాత ఒక పొద్దున, చిన్నది లేవకముందు చూద్దును కదా, సొరంగం ముందు రొయ్య వెల్లకిలా పడి ఉంది. రంగు వెలిసిపోయి, కాళ్ళు పైకెత్తి. గోబీ ఒంటరిగా గుమ్మంలో ఉంది.

రొయ్యని చెంచాతో తీసి, దూదిలో పెట్టి, టిఫిను డబ్బాలో దాచాను. "రొయ్య నిద్రపోతోంది" అని పిల్లని బడికి పంపించి, ఆఫీసుకి సెలవు పెట్టి కొట్టుకి పరిగెత్తాను.

"అచ్చం అలాంటిదే ఇంకో రొయ్య కావాలండీ. బడి వదిలేలోగా."

"ఎందుకు?"

డబ్బా తెరిచాను. వద్దుగారు డబ్బాలోకి చూశారు, తరువాత నన్ను చూశారు.

"మీరేం చదివారమ్మా?"

"కెమిస్ట్రీ. అంతకు ముందు రెండేళ్ళు బయాలజీ కూడా."

"మీ పుస్తకంలో రొయ్యలు కుబుసం విడవ్వా?"

పట్టకారుతో దాన్ని దీపానికెదురుగా పట్టుకున్నారు. కాళ్ళున్నాయి, మీసాలున్నాయి, కళ్ళ తొడుగులు కూడా ఉన్నాయి. లోపల రొయ్య లేదు.

"ఇది చొక్కా. బిగుతైందని విప్పి బయట పారేసింది. కొత్తది గట్టిపడేదాకా లోపల దాక్కుంటుంది. మీరు చొక్కాకి శవయాత్ర చేసుకొచ్చారు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన ఆపలేదు. "లోపల ఒకటుండగా ఇంకోటి వేస్తే కొట్టుకుని రెండిట్లో ఒకటి నిజంగానే పోయేది. అప్పుడు పిల్లకేం చెప్పేవారు? పైగా అబద్ధం ఆడటానికి నా రొయ్య కావాలా? వద్దు."

అవమానం ముదిరితే నాకు కోపమొస్తుంది. "రెండు నెలలు తిప్పారు. మనుషులంటే మీకంత మంటెందుకండీ?" అన్నాను. ఆయన లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

వాళ్ళావిడ వల పిండుతూ నవ్వింది. "మంట కాదమ్మా, జత కుదిరేదాకా గడువు. మీ నీళ్ళు బాగోలేవన్న రోజు, మొదటి గోబీ మీకని ఉంచిన రొయ్యని చూసి రాయి వెనక్కి పోయి మళ్ళీ రాలేదు. మూత వంక పెట్టిన రోజు, రెండో గోబీ గుమ్మంలో ఉండగానే రొయ్య గులకలు తెచ్చి తలుపు మూసేసుకుంది. ఇసుక అన్న రోజుకి మూడోది, మీ పసుపుది. దాని ఎదురుగా కుర్చీ వేసుకుని మూడు రోజులు భోజనానికి పిలిస్తే లేవలేదు."

"ఆ మాటే చెప్పొచ్చుగా?"

"చెబితే మీ పాప వచ్చి 'కలిశాయా తాతా' అని అడుగుతుంది. ఇంకా కలవలేదని పిల్లలకి చెప్పలేరు ఈయన. అందుకని పెద్దవాళ్ళతో తగువు పెట్టుకుంటారు."

"మరి నా నీళ్ళు?"

"బంగారంలా ఉన్నాయట. ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పారు."

అప్పుడే ఆయన గాజు సీసా ఒకటి పట్టుకొచ్చారు. అందులో పత్తి వేసి, కుబుసాన్ని మీసం విరగకుండా అమర్చి, నా చేతిలో పెట్టారు. "పాపకివ్వండి. రొయ్య పెద్దదైందని చెప్పండి" అని, వెళ్ళబోతున్న నాతో, ఇంకా కోపంగానే, మరో మాట అన్నారు.

నాలుగో రోజున రొయ్య కొత్త చొక్కాతో బయటికొచ్చింది. మీసం గోబీ వీపు మీదే ఉంది. చిన్నది సీసాని బడికి తీసుకెళ్ళి తరగతంతా చూపించింది. నన్ను తారీఖు అడగడం మానేసి, నువ్వెప్పుడు చొక్కా విడుస్తావని అడుగుతోంది.

బడి వ్యాను పది నిమిషాలు ఆలస్యమైతే నేనిప్పుడు వెనకటిలా గేటు దగ్గర నిలబడి ఆస్పత్రులకు ఫోన్లు చెయ్యడం లేదు. ఆ రోజు వద్దుగారు చెప్పినట్టే చేస్తున్నాను.

"రోజుకొక్కసారి తొట్టిలో లెక్కపెట్టుకోండమ్మా. ఒకటి తక్కువైతే 'ఇంకా రాలేదు' అనుకోండి. 'పోయింది' అనుకోవడానికి తొందరేం లేదు."