నడుచుకుంటూ వెళ్ళానని రాయమన్నాడు

ఒమాన్‌లో నేను మనసారా సంతోషపడ్డ రోజు ఒకటుంది. దాని గురించి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

తొంభైల మొదట్లో ఘాలాలో మా కంపెనీ రూమ్‌లో ఎనిమిది మందిమి. పదో తరగతి గట్టెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, శుక్రవారం వస్తే అందరి ఉత్తరాలూ నేనే రాయాలి. 'ఇక్కడ అందరం క్షేమం' అని వారం వారం రాసి రాసి ఆ మాటంటేనే విసుగు పుట్టింది. చదువుకున్నందుకు ఇదొక శిక్ష అనుకునేవాణ్ణి. ఏదో పెద్ద చదువు చదివినట్టు.

రూమ్‌లో అందరికంటే పెద్దాయన్ని కాకా అని పిలిచేవాళ్ళం. సైట్‌లో పరంజా మీంచి పడి కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. ఆ సంగతి ఎవరి ద్వారానో ఊరికి చేరింది. ఆయన భార్య బెంగపెట్టుకుని అన్నం సరిగ్గా తినడం లేదని కబురొచ్చింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ పక్క ఊరతను సెలవు మీద ఇంటికి వెళ్తున్నాడు. ఉత్తరం రాసి అతని చేతికివ్వాలి.

"నోటిమాట నమ్మది తమ్మీ. కాయితం మీదుంటె నమ్ముతది," అన్నాడు కాకా ముందురోజు. పొద్దున్నే రాస్తానన్నాను.

పొద్దున నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు వచ్చి, కొండల్లో వాన పడిందని, వాగు పారుతోందని చెప్పాడు. గంటలో వచ్చేస్తానని కాకాతో చెప్పి బండెక్కాను.

రెండేళ్ళుగా దుమ్మూ రాళ్ళూ తప్ప చూడలేదు. మోకాలి లోతు నీళ్ళు, అడుగున గులకరాళ్ళు, కాళ్ళను పొడిచే చిన్న చేపలు. ఖర్జూరపు చెట్ల నీడలో వెల్లకిలా పడుకున్నాను. ఉత్తరం గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. రెండుసార్లు వచ్చింది. ఒక్క శుక్రవారం రాయకపోతే కొంపలు మునుగుతాయా అనుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగాను.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. సెలవు మీద వెళ్ళేవాడు వెళ్ళిపోయాడు. కాకా పక్కన తెల్లకాయితం, పెన్ను అలాగే ఉన్నాయి. దారిలో బండి చెడిపోయిందన్నాను. ఆయన నా తడిసిన లుంగీ వైపు చూశాడు.

"నీళ్ళు మంచిగుండెనా?"

తిట్టినా బాగుండేది.

"పోస్టుల పంపుదాం, రాయి," అన్నాడు. నేను 'ఇక్కడ అందరం క్షేమం' అని మొదలుపెట్టబోతే ఆపాడు. "ఈడ వాగు పారుతున్నది, నేను నడుసుకుంట పోయి నీళ్ళల్ల దిగిన అని రాయి. ఇంకేముండె తమ్మీ ఆడ? నీళ్ళల్ల షాపలుండెనా?"

అన్నీ చెప్పాను. ప్రతిదీ ఆయన తను చూసినట్టే తిరిగి చెప్పాడు, నేను రాశాను. చేపలు కాళ్ళు పొడిస్తే నవ్వొచ్చిందని కూడా రాయించాడు. చివర్న మొత్తం చదవమన్నాడు. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. చదువుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"ఇగ తింటది," అన్నాడు.

పోస్టులో ఆ ఉత్తరం ఊరు చేరడానికి పదిహేను రోజులు పడుతుందని ఇద్దరికీ తెలుసు.